మనోవైద్యము మన జిల్లాలకు ఎంత దూరము?

ఈ శతవార్షికోత్సవ సంచికలో మన డయోసిస్‌లోని పాఠశాలలను గురించి, ఆసుపత్రులను గురించి, తొలి సంఘములను గురించి మాకంటె బాగుగా తెలిసిన పెద్దలు వ్రాస్తున్నారు. మేము వేరొక చరిత్రను సంఘస్థుల ముందు ఉంచదలచినాము. కర్నూలు, కడప జిల్లాలలో మతి చెదరిన మనిషికి వైద్యము ఎక్కడ దొరికేది, దానికై ఎంత దూరము పోవలసి వచ్చేది, ఆ దూరము ఏ విధముగా తగ్గుతూ వచ్చినది అన్నదే ఆ చరిత్ర. దీనికి శిలాఫలకములు లేవు. పునాదిరాయి వేసిన దొరల ఛాయాచిత్రములు లేవు. అయినను ఈ చరిత్రతో బొత్తిగా సంబంధము లేని కుటుంబము మన పాస్టరేటులలో అరుదుగా ఉంటుందని మా నమ్మకము.

2023 అక్టోబరు 10వ తేదీన జరిగిన ప్రపంచ మానసిక ఆరోగ్య దినమునకు, మానసిక ఆరోగ్యము మానవులందరి హక్కు అన్న భావమును ముఖ్యాంశముగా తీసుకున్నారు. మంచిదే. కాని హక్కు అన్న మాట పట్నములో ఒక విధముగాను, మన మెట్ట సీమలో మరొక విధముగాను వినిపిస్తుంది. ఇక్కడ ఆ హక్కును అందుకొనవలెనంటే మొదట బస్సు కావలె, చార్జీలకు డబ్బు కావలె, రోగిది ఒకటి, తోడు పోయే మనిషిది ఒకటి రెండు కూళ్లు వదులుకొనవలె. అందుచేత మేము ఈ విషయమును దూరము అనే కొలతతో చూస్తున్నాము.

ఇంటి గుంజకు కట్టిన గొలుసు

మన పల్లెలలో ఈ వ్యాధికి పేర్లు చాలా ఉన్నవి. గాలి సోకినదంటారు. ఎవరో చేయించినారంటారు. బాలింతకు వస్తే పథ్యము తప్పినందువలన అంటారు. చదువుకున్న పిల్లవానికి వస్తే చదువు తలకెక్కినదంటారు. పేరు ఏదైనను చేసే పని ఇంచుమించు ఒక్కటే. మంత్రగాని దగ్గరికి తీసికొనిపోయి తాయెత్తు కట్టించుట, గుడిలోనో దర్గాలోనో కొన్నాళ్లు నిద్ర చేయించుట, క్రైస్తవులైతే ఉపవాస ప్రార్థనలకు తీసికొనిపోవుట. అన్నియు అయిన తరువాత, అప్పటికి నగలు పోయి, ఎద్దులు పోయి, ఇంకేమియు తోచక కొందరు ఇంటి వసారాలో గుంజకు గొలుసు వేసి కట్టేవారు.

దీనిని క్రూరత్వమని ఒక్క మాటతో తీసివేయుటకు మాకు మనస్సు ఒప్పదు. ఆ గొలుసు వేసినది చాలా ఇండ్లలో తల్లియే. తెల్లవారి కలుపు తీయను పోవలె. పోకపోతే రాత్రికి సంగటి లేదు. బిడ్డను విడిచిపోతే ఏ బావిలో పడుతుందో, ఎవరి చేత దెబ్బలు తింటుందో తెలియదు. కాబట్టి ఒక చెంబు నీళ్లు, ఒక ముంత అన్నము దగ్గర పెట్టి, గొలుసు వేసి, ఏడ్చుకుంటూ పొలము పోయేది. ఆ గొలుసును ఇనుముతో చేసినమాట నిజమే గాని, దానిని బిగించినది ఆసుపత్రికిని ఆ ఇంటికిని నడుమ ఉన్న మైళ్లు.

ఈ ప్రాంతపు కష్టములు మనస్సును ఎంత నలిపినవో లెక్క కట్టినవారు లేరు. 1876 నుండి 1878 వరకు వచ్చిన కరువును, మన పెద్దలు ధాత కరువు అని పిలిచేదానిని, అందరును ఎరుగుదురు. 1871 జనాభా లెక్కతో పోల్చి చూస్తే 1881 లెక్కలో కర్నూలు జిల్లా జనము సుమారు నాలుగవ వంతు తగ్గి కనబడుతుంది. చనిపోయినవారును, ఊరు విడిచినవారును ఆ అంకెలో ఉన్నారు. కన్నబిడ్డలను పూడ్చి తాము బ్రతికినవారి మనస్సు ఏమైనదో ఆ లెక్కలో లేదు. తరువాత వచ్చిన కరువులను, గంజి కేంద్రములను, ఫ్యాక్షన్ తగాదాలలో తండ్రిని కండ్ల యెదుటనే పోగొట్టుకున్న పిల్లలను తలచుకుంటే, ఈ విషయము మన జిల్లాలకు ఎంత దగ్గరిదో తెలుస్తుంది.

మద్రాసు రైలు

ఇంగ్లీషువారి ప్రభుత్వము మతి చెదరినవారిని గురించి ఆలోచించినది మొదట శాంతిభద్రతల కోసము. మద్రాసులో 1794 నాటికే ఒక ఆశ్రయము ఏర్పడినది గాని, అది మన పల్లెల వరకు వచ్చే సంగతి కాదు. 1858లో, కంపెనీ పాలన పోయి రాణీగారి పాలన వచ్చిన ఆ ఏడే, ఉన్మాదులను గురించిన చట్టములు వచ్చినవి. వాటి స్థానములో 1912లో ఇండియన్ లూనసీ యాక్టు వచ్చినది. ఈ చట్టముల ప్రకారము వీధులలో తిరిగే మతిలేనివానిని పోలీసువారు పట్టి మేజిస్ట్రేటు ముందు నిలుపుతారు. ఆయన వైద్యుని చేత పరీక్ష చేయించి, ఆజ్ఞ వ్రాసి ఆశ్రయమునకు పంపుతారు. అంతవరకు జైలులో ఉంచుట దేశమంతట వాడుకగా ఉండేది. రోగికి తన వ్యాధిని గురించి ఒక మాట చెప్పుకొనే చోటు ఆ చట్టములో వెదకినా దొరకుట కష్టము.

1871లో రెండు సంగతులు జరిగినవి. మద్రాసు కీల్పాక్‌లో క్రొత్త ఉన్మాదుల ఆశ్రయము తెరిచారు. అదే ఏడు మద్రాసు నుండి కడప, తాడిపత్రి, గుత్తి, ఆదోనుల మీదుగా వేసుకుంటూ వచ్చిన రైలు మార్గము రాయచూరు వద్ద బొంబాయి మార్గముతో కలిసినది. విశాఖపట్టణమున వాల్తేరులో కూడ ఇంచుమించు ఆ కాలమందే మరొక ఆశ్రయము వచ్చినది. కాని మన సీమవారికి రైలు మద్రాసుకు ఉన్నది. ఆ రైలు ఎక్కించబడినవారిలో ఎందరు తిరిగి ఇల్లు చేరారో ఊహించుకొనవలసినదే. ఇంటివారికి ఉత్తరము చదువుట రాదు, వ్రాయుట రాదు. మద్రాసు పోయి చూచి వచ్చుటకు చేతిలో రూక లేదు. పోయినవాడు పోయినట్లే.

1920లలో ఈ ఆశ్రయములకు మానసిక ఆసుపత్రులని పేరు మార్చారు. పేరు మారుట చిన్న సంగతి అని కొందరు అనవచ్చును. మేము అట్లు అనము. ఖైదీ అన్న చోట రోగి అని వ్రాయుటకు అక్కడ మొదలు పడినది.

తరువాత రాష్ట్రములు విడిపోయినప్పుడెల్లా మన రోగుల దారియు మారినది. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రము ఏర్పడినది. మద్రాసు పరాయి రాష్ట్రమైనది. క్రొత్త రాష్ట్రమునకు మిగిలిన పెద్ద మానసిక ఆసుపత్రి విశాఖపట్టణములో ఉన్నది. డేరాలలో ప్రభుత్వము నడుస్తున్న కర్నూలుకు అది ఇంచుమించు 700 కిలోమీటర్ల దూరము. ఆ 1953లోనే నైజాము రాజ్యములోని జాల్నా నుండి మానసిక ఆసుపత్రిని హైదరాబాదు ఎర్రగడ్డకు తరలించారు. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తరువాత ఎర్రగడ్డ మన రాష్ట్రపు ఆసుపత్రియైనది. కర్నూలువారికి అది కొంత మేలు చేసినది. ఒక రాత్రి ప్రయాణము. సీమలో ఎర్రగడ్డ అన్న మాట ఊరి పేరుగా గాక వేళాకోళపు మాటగా వాడుకలోనికి వచ్చినది. బడి పిల్లలు కూడ ఒకరినొకరు ఎర్రగడ్డకు పంపుకునేవారు. ఆ వేళాకోళము వలన ఎన్ని కుటుంబములు రోగిని దాచిపెట్టినవో చెప్పలేము. 2014 జూన్ 2న తెలంగాణ విడిపోయినప్పుడు ఎర్రగడ్డ అటు పోయినది. మనకు మరల విశాఖపట్టణమే మిగిలినది.

మన మిషనులు కట్టినవి, కట్టనివి

మన మిషనులు ఈ సీమకు చేసిన వైద్యసేవను ఎవరును కాదనలేరు. లండన్ మిషను వారు 1890లలో జమ్మలమడుగులో ప్రారంభించిన ఆసుపత్రి డాక్టరు కాంప్‌బెల్ గారి పేరుతో ప్రసిద్ధి కెక్కినది. నంద్యాలలో ఎస్.పి.జి. మిషను వారి ఆసుపత్రి ఉండేది. క్షయ రోగుల కొరకు మిషనులన్నియు చేతులు కలిపి మదనపల్లె దగ్గర ఆరోగ్యవరము శానిటోరియమును 1915లో తెరిచినవి. డెన్మార్కు దేశీయుడైన డాక్టరు ఫ్రిమోట్ మొల్లర్ గారు దానికి పెద్దగా ఉండి నడిపించారు. కాన్పులకు, కంటికి, కుష్ఠుకు, క్షయకు ఏదో ఒక మిషను చోటు చూపినది. మనస్సుకు మాత్రము చాలాకాలము చూపలేదు.

ఎందుకు చూపలేదని అడుగుట సులభము. ఆ రోజులలో చూపుటకు మందు ఏమున్నది? మన దేశపు వైద్యులు సర్పగంధి వేరును ఎరుగుదురు. 1931లో కలకత్తాలో గణనాథ సేన్, కార్తీక చంద్ర బోస్ అను ఇద్దరు వైద్యులు ఆ వేరు రక్తపు పోటుకును, ఉన్మాదమునకును పనిచేస్తుందని ప్రకటించారు. దానిని లోకము వెంటనే పట్టించుకొనలేదు. 1952లో పారిస్ నగరములో క్లోర్‌ప్రోమజీన్ అను మందును ఉన్మాద రోగులకిచ్చి చూచారు. ఏండ్ల తరబడి కేకలు వేసినవారు నెమ్మదించారు. కొందరు ఇండ్లకు పోయారు. అంతకుముందు ఆసుపత్రి అంటే గోడ, తాళము. ఈ మందులు వచ్చిన తరువాత, మాత్ర వేసుకొని ఇంటివద్దనే ఉండవచ్చునన్న సంగతి తేలినది. ఇంటి గుంజకు గొలుసు అక్కరలేదని చెప్పుటకు మొదటిసారి ఆధారము దొరికినది అప్పుడే.

ఇంచుమించు ఆ కాలములోనే మరొక సంగతి జరిగినది. మా దృష్టిలో అది మందుకంటె తక్కువది కాదు. పంజాబులోని అమృతసర్ మానసిక ఆసుపత్రిలో డాక్టరు విద్యాసాగర్ గారు రోగుల బంధువులను ఆసుపత్రి ఆవరణలోనే డేరాలు వేయించి ఉంచారు. రోగిని వారు చూచుకుంటారు, వ్యాధిని గురించి తెలుసుకుంటారు, నయమైన తరువాత తమవెంట తీసికొనిపోతారు. దక్షిణాదిన ఆ పద్ధతిని పట్టుకొన్నది మన సంఘముల ఉమ్మడి ఆసుపత్రియైన వెల్లూరు. అక్కడ డాక్టరు ఫ్లారెన్స్ నికొల్స్ గారి కృషితో బాగాయములో 1957లో మానసిక ఆరోగ్య కేంద్రము ఏర్పడినది. రోగి వెంట ఇంటి మనిషి ఒకరు ఉండితీరవలెనని అక్కడ నియమము. మద్రాసు రైలుకును దీనికిని ఎంత భేదము ఉన్నదో చూడండి. అక్కడ రోగిని ఇంటినుండి తీసివేసేవారు; ఇక్కడ ఇంటినే రోగి వెంట తెచ్చుకొమ్మన్నారు.

కడప జిల్లావారు వెల్లూరు పోవుట ఈనాటికిని మానలేదు. పాస్టరుగారి చేత ఉత్తరము వ్రాయించుకొని, చద్దిమూట కట్టుకొని, రోగి చేయి విడువకుండ రైలులోనో బస్సులోనో కూర్చుండిపోయే తల్లులను మనమందరము చూచినవారమే. కాని కోసిగి, ఆలూరు, పత్తికొండల నుండి వెల్లూరు అందదు. ఒకసారి పోగలరు, రెండవసారి పోగలరు. ఈ వ్యాధులు ఒక్కసారి పోయి వస్తే తీరేవి గావు. చక్కెర వ్యాధివలె చాలామందికి మందు ఏండ్ల తరబడి వాడవలె. మూడవసారి చార్జీలకు డబ్బు లేక మందు ఆగుతుంది. మందు ఆగిన కొన్ని వారములకో నెలలకో వ్యాధి తిరుగబెడుతుంది. అప్పుడు ఊరిలో ఒకరు, వెల్లూరు మందుకు కూడ లొంగలేదు, ఇది నిజముగా గాలియే అంటారు.

బళ్లారి చూపిన దారి

దూరమును తగ్గించు ఉపాయము మన పొరుగుననే పుట్టినదని చాలామందికి తెలియదు. 1953కు ముందు ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు బళ్లారి జిల్లాలోనివి. ఆంధ్ర రాష్ట్రము వచ్చినప్పుడు ఆ మూడును ఇటు వచ్చినవి, మిగిలిన బళ్లారి మైసూరుకు పోయినది. పెండ్లి సంబంధములు, సంతలు, చుట్టరికములు మాత్రము అటూ ఇటూ నడుస్తూనే ఉన్నవి. బళ్లారి బజారులో తెలుగు వినబడని రోజు లేదు.

భారత ప్రభుత్వము 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమమును ప్రకటించినది. ప్రకటించుట ఒకటి, జిల్లాలో నడిపి చూపుట ఒకటి. బెంగుళూరు నిమ్‌హాన్స్ సంస్థవారు 1980ల మధ్య నుండి కొన్ని సంవత్సరములు దానిని బళ్లారి జిల్లాలో నడిపి చూపారు. వారి ఆలోచన చాల సాదా ఆలోచన. మనోవైద్య నిపుణులు కొద్దిమంది. వారు ఊరూరికిని పోలేరు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రములోని మామూలు డాక్టరుకు కొద్దికాలము శిక్షణ ఇవ్వాలి. ఊళ్లలో తిరిగే ఆరోగ్య కార్యకర్తకు, ఉన్మాదమును, మూర్ఛను, తీవ్రమైన దిగులును గుర్తుపట్టుట నేర్పాలి. నాలుగైదు రకముల చవక మందులు ఆ కేంద్రములోనే ఎల్లప్పుడు ఉంచాలి. జిల్లా కేంద్రములో ఒక నిపుణుడు ఉండి కష్టమైన రోగులను చూడాలి, క్రింది డాక్టర్లకు సలహా చెప్పాలి. అంతే. దీనికి గొప్ప భవనము అక్కరలేదు.

జ్వరపు మందు ఇచ్చే కిటికీలోనే ఉన్మాదపు మందును ఇచ్చుట ఆ పథకమునకు ప్రాణము. రోగిని చూచి ఎవరును నవ్వరు. అతడు దగ్గు మందుకు వచ్చినాడో దేనికి వచ్చినాడో వరుసలో నిలుచున్నవారికి తెలియదు. ఎర్రగడ్డ పేరుకు ఉన్న చెడ్డ అర్థము ఆ కిటికీకి లేదు.

1996లో కేంద్ర ప్రభుత్వము బళ్లారిని మాదిరిగా పెట్టుకొని జిల్లా మానసిక ఆరోగ్య పథకమును ప్రారంభించినది. మొదట దేశము మొత్తము మీద నాలుగు జిల్లాలు. అందులో ఆనాటి ఆంధ్రప్రదేశ్ నుండి ఎన్నికైనది మెదక్. మెదక్‌వారు అదృష్టవంతులు, వారిమీద మాకు అసూయ లేదు. కాని బళ్లారికి ఒకటిన్నర గంట బస్సు దూరములో ఉన్న ఆలూరు, రాష్ట్రపు హద్దు అవతల పడినందున, ప్రక్కింటి దీపము వెలుతురు చూస్తూ కూర్చున్నట్లయినది.

చట్టము మాట

1987లో పార్లమెంటు మానసిక ఆరోగ్య చట్టమును చేసి 1912 నాటి చట్టమును తీసివేసినది; అది అమలులోనికి వచ్చుటకు 1993 వరకు పట్టినది. ఆ 1993లోనే షీలా బర్సే గారి వ్యాజ్యములో సుప్రీంకోర్టు, ఏ నేరమును చేయని మనోరోగులను జైళ్లలో ఉంచుట రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పినది. స్వాతంత్ర్యము వచ్చి నలుబది ఆరు సంవత్సరములకు ఆ మాట చెప్పవలసి వచ్చినది.

2001 ఆగస్టు 6వ తేదీ తెల్లవారుజామున తమిళనాడులో ఎర్వాడి అను యాత్రాస్థలమువద్ద ఒక ప్రయివేటు ఆశ్రయములో నిప్పు అంటుకున్నది. రోగులు గొలుసులతో కట్టబడి ఉన్నారు. లేచి పరుగెత్తలేకపోయారు. 28 మంది చనిపోయారు. వారిని అక్కడ విడిచిపోయినవారు నమ్మికతోనే విడిచిపోయారు. సుప్రీంకోర్టు తనంత తానుగా ఆ సంగతిని విచారణకు తీసుకొన్నది. ఆ వార్త చదివిన రోజున మన జిల్లాలలోని ఎన్ని వసారాలు మా కండ్ల ముందు మెదలినవో!

భారతదేశము 2007లో వికలాంగుల హక్కుల ఐక్యరాజ్యసమితి ఒడంబడికను ఒప్పుకొన్నది. దానికి తగినట్లు క్రొత్త చట్టము కావలసి వచ్చినది. అదే 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము. రాష్ట్రపతిగారి ఆమోదము 2017 ఏప్రిల్ 7న, అనగా ప్రపంచ ఆరోగ్య దినముననే లభించినది. 2018 మే 29 నుండి అమలులో ఉన్నది. ఇందులోని కొన్ని మాటలు మన సంఘస్థులు తప్పక తెలుసుకొనవలె.

ప్రభుత్వము నడిపే లేక ప్రభుత్వము డబ్బు ఇచ్చే మానసిక వైద్యమును పొందుట ప్రతి మనిషికిని హక్కు అని 18వ సెక్షను చెప్పుచున్నది. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి, కార్డు ఉన్నను లేకున్నను, ఇల్లు వాకిలి లేనివారికిని ఆ వైద్యము ఉచితము. ఇక మేము ఈ వ్యాసమంతట చెప్పుచున్న సంగతి కూడ అందులో ఉన్నది: ఏ రోగియు వైద్యము కొరకు దూర ప్రయాణము చేయవలసిన అవసరము ఉండరాదు, అతడు నివసించే చోటికి దగ్గరలోనే అది దొరకవలె. ఈ మాట చదివినప్పుడు, మద్రాసు రైలు ఎక్కించబడినవారు జ్ఞాపకము వచ్చారు. అవసరమైన మందులు సామాజిక ఆరోగ్య కేంద్రము మొదలుకొని పై ఆసుపత్రులన్నిటిలోను ఎల్లప్పుడు ఉచితముగా ఇవ్వవలెనని కూడ వ్రాసి ఉన్నది. 95వ సెక్షను ఏ రూపములోనైనను గొలుసు వేయుటను నిషేధించినది. మనోరోగిని ఇంటిలో హింసిస్తున్నట్లు గాని, పట్టించుకొనకుండ విడిచినట్లు గాని తెలిస్తే, స్టేషను అధికారి మేజిస్ట్రేటుకు తెలుపవలె.

115వ సెక్షనును గూర్చి కొంచెము వివరముగా వ్రాస్తున్నాము. వేరుశనగ పంట పోయి, బోరు ఎండి, వడ్డీ పెరిగి, రైతు పురుగుల మందు డబ్బా చేతికి తీసుకొన్న సంఘటనలు మన సీమలో ఎన్నో. బ్రతికినవానిమీద శిక్షాస్మృతి 309వ సెక్షను క్రింద కేసు పెట్టవచ్చునన్న భయముతో ఇంటివారు ఆసుపత్రికి తీసికొనిపోవుటకే జంకేవారు. తీసికొనిపోయినను పొరపాటున త్రాగినాడనేవారు. అందువలన ఒడలికి వైద్యము జరిగినను మనస్సుకు జరిగేది కాదు. అట్టి మనిషి తీవ్రమైన మానసిక ఒత్తిడిలో ఉన్నాడని భావించవలె, శిక్షించరాదు, ప్రభుత్వము వైద్యము ఇవ్వవలె అని 2017 చట్టము చెప్పినది. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆ 309వ సెక్షనే లేదు. ప్రభుత్వోద్యోగిని బలవంతపెట్టుటకై ఆత్మహత్యాయత్నము చేసిన సందర్భమును మాత్రమే నేరముగా ఉంచారు. ఈ సంగతి ఇంకను చాల ఊళ్లకు తెలియదు. తెలియనందువలన ప్రాణములు పోతవి.

ప్రార్థనయు, మాత్రయు

గెరాసేనుల దేశములోని మనిషిని గురించిన సువార్త భాగము మన సంఘములలో తరచుగా చదువబడుతుంది. మతి చెదరిన ప్రతివానిలోను దయ్యమున్నదని చెప్పుటకు దానిని వాడుట మేము విన్నాము. మాకు ఆ కథలో మరొకటి కనబడుతుంది. ఊరివారు అతనిని సంకెళ్లతో కట్టి చూచారు, తరువాత సమాధుల మధ్య విడిచారు. ప్రభువు కట్టలేదు. నెమ్మది పొందిన ఆ మనిషి తనవెంట వస్తానని బ్రతిమాలినను వద్దని, స్వంత ఇంటికి, స్వంత వారియొద్దకు పంపాడు. సమాజములో, తనవారి మధ్య జీవించే హక్కు రోగికి ఉన్నదని 2017 చట్టము 19వ సెక్షనులో చెప్పినది కూడ ఇదే.

ప్రార్థన మనస్సుకు బలమిస్తుందనుటలో మాకు సందేహము లేదు. సంఘములో నలుగురు పలుకరించేవారుంటే రోగి త్వరగా కోలుకుంటాడు. కాని విశ్వాసమున్నదని చూపుటకై మాత్రలు మానిపించే కూటములు అక్కడక్కడ ఉన్నవి. మనవారెవరును చక్కెర వ్యాధికి మందు మానమనరు గదా. ఉన్మాదపు మందు మాన్పించుట అంతకంటె ప్రమాదము.

ఇప్పటి సంగతి

నిమ్‌హాన్స్ వారు 2015, 2016 సంవత్సరములలో జరిపిన జాతీయ సర్వే ప్రకారము దేశములో పెద్దవారిలో ఇంచుమించు ప్రతి పదిమందిలో ఒకరికి ఏదో ఒక మానసిక వ్యాధి ఉన్నది. వారిలో చాలా ఎక్కువ మందికి వైద్యమే అందుటలేదు. ఆ సర్వే 12 రాష్ట్రములలో జరిగినది. అందులో ఆంధ్రప్రదేశ్ లేదు. మన జిల్లాల సంగతి మనమే ఊళ్లు తిరిగి తెలుసుకొనవలె.

మేలు కూడ జరుగుచున్నది. 1956లో ప్రారంభమైన కర్నూలు వైద్య కళాశాల ఆసుపత్రిలో మనోవైద్య విభాగము ఉన్నది. 2022 అక్టోబరు 10 నుండి టెలిమానస్ అను ఉచిత ఫోను సహాయము నడుస్తున్నది. 14416 నంబరుకు ఫోను చేస్తే తెలుగులో మాట్లాడవచ్చును. 2023 డిసెంబరులో కడప ప్రభుత్వ ఆసుపత్రి ఆవరణలో 100 పడకల మానసిక ఆసుపత్రిని ప్రారంభించారు. విశాఖపట్టణము తప్ప వేరు దిక్కులేని సీమకు అది చిన్న సంగతి కాదు.

అయితే కర్నూలు పడమటి మండలములలో మరొక చిక్కు ఉన్నది. పంట కాలము దాటగానే కుటుంబములకు కుటుంబములు సుగ్గికి గుంటూరు మిరప తోటలకు, పత్తి చేలకు పోతారు. రోగిని ఇంటివద్ద ముసలివారికి అప్పగించి పోవుటయో, వెంట తీసికొనిపోవుటయో జరుగుతుంది. ఎట్లు జరిగినను మందు ఆగుతుంది. సుగ్గినుండి వచ్చేసరికి వ్యాధి ముదిరి ఉంటుంది. ఆ మండలములలోని పాస్టరులు ఈ సంగతి మాకంటె బాగుగా ఎరుగుదురు. బయలుదేరే ముందు డాక్టరుకు చెప్పి, తిరిగి వచ్చేవరకు సరిపడు మందు వ్రాయించుకొనుట, పోయిన ఊరిలోని ప్రభుత్వ ఆసుపత్రిలో చూపుటకు చీటీ భద్రపరచుకొనుట వారు చెప్పి చేయించగలరు.

కోసిగి, ఆదోని, గుంతకల్లు, గుత్తి, తాడిపత్రి, ఎర్రగుంట్లల మీదుగా కడపకు పోయే రైలు మార్గము 1871లో పూర్తయిన ఆ మద్రాసు మార్గమే. కోసిగివారు ఇప్పుడు మద్రాసు వరకు పోనక్కరలేదు, కడపలో దిగవచ్చును. అయినను అది 250 కిలోమీటర్లకు పైబడిన ప్రయాణము. మొదటిసారి నిపుణునికి చూపించుటకు పోవుట సరే. నెలనెల మాత్రల కొరకు పోలేరు. ఆ మాత్రలు సామాజిక ఆరోగ్య కేంద్రములో ఇవ్వవలెనని చట్టము వ్రాసినది గనుక, ప్రతి పాస్టరేటులోను స్త్రీల మైత్రివారు ఇద్దరు ముగ్గురు కలిసి తమ దగ్గరి కేంద్రమునకు పోయి, అక్కడ ఏ మందులు ఉన్నవో, ఏవి లేవో అడిగి వ్రాసుకొని రావలెనని మా మనవి. లేనివాటి పట్టీని జిల్లా వైద్యాధికారిగారికి పంపుటకు ఒక కాగితము, ఒక తపాలా బిళ్ల చాలును.